బొటనవేలి మీద ఉప్పు

నెలలు నిండని పిల్లల వార్డులో, తల్లులు పాలు పిండే గదిలో ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. జాగా చాలక తల్లులు కొందరు గోడకి చేరగిలబడి, నిలబడే పాలు పిండుకునేవాళ్ళు గానీ ఆ కుర్చీ జోలికి మాత్రం వచ్చేవాళ్ళు కాదు. కూర్చోమంటే, "పర్లేదక్కా, నిలబడితేనే నడుముకి హాయిగా ఉంది" అనేవాళ్ళు. కడుపు కోసి కుట్లేసిన మనిషికి నిలబడితే హాయట! అనడానికైనా సిగ్గుండాలి.

అసలు సంగతి అందరికీ తెలుసు. ఆమె తోళ్ళ గోదాములో పనిచేస్తుంది. కబేళా నుంచి బండ్లలో వచ్చే పచ్చి తోళ్ళని నేలమీద పరిచి, లోపలివైపు అంటుకున్న మాంసం పీచులు గీకి, పార నిండా ఉప్పెత్తి జల్లి, చేత్తో రుద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చడం ఆమె పని. ఏడో నెల కడుపుతో ఆ పని చేస్తూండగానే నొప్పులొచ్చాయి. ఉన్నపళాన తోళ్ళ బండిలోనే ఎక్కించి ఆసుపత్రికి తెచ్చారు. కాళ్ళకున్న రబ్బరు బూట్లు లాగిన ఆయా, వాటి అడుగున అతుక్కున్నవి చూసి అక్కడే వాంతి చేసుకుంది. ఆడపిల్ల పుట్టిందన్న ముచ్చట కన్నా ముందు ఆ ముచ్చటే వార్డంతా తిరిగింది.

ఆ బట్టలూ బూట్లూ ఎప్పుడో పారేశారు. అప్పటినుంచి రెండుపూటలా తల రుద్దుకుని స్నానం చేస్తోంది. ఒంటికి ఆసుపత్రి సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆమె లోపలికి అడుగు పెట్టగానే ఒకరి చెయ్యి ముక్కు దగ్గరికి పోతుంది, ఇంకొకరు లేచి కిటికీ తలుపు తోస్తారు. వార్డుని ఏలే పెద్ద సిస్టరయితే, మొహానికున్న గుడ్డ మీద ఇంకో గుడ్డ బిగించుకుని గానీ ఆమె మంచం దగ్గరికి రాదు. వాళ్ళందరి నోట్లో ఆమె పేరు 'తోళ్ళామె'. ఇంట్లో ఆమె కోడలు. మనకీ కోడలే.

కోడలికి అసహ్యమంటే ఏమిటో వీళ్ళు నేర్పక్కర్లేదు. పురుగు పట్టిన తోలుని చేతులతో ఎత్తి పారేసిన మనిషి ఆమె. కానీ ఈ గదిలో కూర్చుంటే కలిగే రోత వేరే రకం. పక్కవాళ్ళ కప్పుల్లో ఎంత పడ్డాయో ఓరకంట చూసుకునే ఆ చూపులు, పాలు ధారగా పడే కవలల తల్లి తన కప్పు వెలుతురుకి ఎత్తి పట్టుకుని "అందరికీ ఇలా పడొద్దూ!" అంటూ తీసే దీర్ఘాలు. ఛీ, పశువుల కొట్టం నయం అనుకునేది కోడలు. తలెత్తకుండా, రొమ్ముని రెండు వేళ్ళ మధ్య పట్టి, వెనక్కి నొక్కి, ముందుకి జారవిడుస్తూ చుక్కచుక్కగా పిండేది. ఉప్పుకి పగిలిన వేళ్ళు గరుగ్గా తగిలి చనుమొన చుర్రుమనేది.

పాప గుప్పెడంత ఉంది. గాజుపెట్టెలో ఉంచినన్నాళ్ళు ఉంచి, ఇప్పుడు తీసి తల్లి గుండెలకి గుడ్డతో కట్టేశారు, ఒంటికి ఒళ్ళు తగిలేలా. ముక్కులో సన్నటి గొట్టం ఒకటి. దానికి సూది లేని సిరంజి తగిలించి, నిటారుగా పట్టుకుని పాలు పోస్తే, వాటంతటవే కడుపులోకి దిగుతాయి. సిస్టర్లు చాలరు గనక ఆ వార్డులో ఆ పని తల్లులదే. కోడలికి రోజంతటి మీదా రోత లేని వేళ అదొక్కటే. సిరంజిలో తెల్లటి గీత కిందికి జారుతూంటే గుండెల మీద పిల్ల చిన్నగా కదిలేది.

ఈమధ్య అంతగా కదలడం లేదు. పొద్దున తక్కెట్లో పెడితే బరువు పెరగడం లేదు. సిస్టరు వచ్చి మడమలో గుచ్చి రక్తం తీసుకెళ్ళింది.

ఆ మర్నాడు పిల్లల డాక్టరమ్మ కోడలి మొగుణ్ణి గుమ్మంలో ఆపి, నడుస్తూ నడుస్తూనే ఏదో చెప్పింది. అతను సరుకుల వ్యాను నడుపుతాడు. వ్యాను రోడ్డుకి అడ్డంగా ఆపి వచ్చాడు కాబట్టి సగం చెవి బయట మోగుతున్న హారన్ల మీదే ఉంది. లోపలికొచ్చి పెళ్ళానికి చెప్పింది ఒకే ఒక్క ముక్క.

"రక్తంలో ఉప్పు తేడా చేసిందంట. మందేస్తారంట."

"తేడా అంటే?"

"తేడా అంటే తేడానే. నాకేం తెలుసు? ఆవిడ చెప్పింది నీకు చెప్తున్నా" అని, హారన్ల కేసి పరిగెత్తబోయాడు.

వెనకాలే జావ క్యారేజీతో వచ్చిన అత్తగారు ఆ మాట విని కొడుకు దారికడ్డంగా నిలబడిపోయింది. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చి ఇస్త్రీ చేస్తుంది. ఇంట్లో గంజి వాసన, వేడెక్కిన గుడ్డ వాసన తప్ప ఇంకోటి సహించదు. కోడలి పనిబట్టలు ఏనాడూ గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"నే చెప్తే విన్నారా ఇద్దరూ? కడుపుతో ఉన్నదానివి, ఆ ఉప్పుల్లో, ఆ కుళ్ళులో పొర్లకే తల్లీ అని మొత్తుకున్నా. చూడండిప్పుడు! ఉప్పంతా పసిదానికెక్కి కూర్చుంది."

"ఊరుకోవే అమ్మా" అన్నాడు కొడుకు. ఆ అనడంలో బలం లేదు.

"ఎందుకు ఊరుకుంటాను? నీ పెళ్ళాం చేతులు చూడు. ఆ చేతుల్తోనేగా పాలు పిండేది! ఇవాళ్టినుంచి దీని తిండిలో ఒక్క ఉప్పు రాయి పడితే నన్నడుగు."

కోడలు తన చేతులు చూసుకుంది. ఆమెకీ అలాగే అనిపించింది మరి. ఉప్పు ఏం చేస్తుందో రోజూ కళ్ళారా చూసేదే కదా. పచ్చి తోలు మీద జల్లిన కాసేపటికే నీరు ఊరి కారిపోతుంది. మర్నాటికి తోలు కుంచించుకుపోయి, బిరుసెక్కి, ముడతలు పడుతుంది. గుండెల మీది గుడ్డ కాస్త పక్కకి తప్పించి పిల్ల తొడ చూసుకుంది. ముడతలే.

*

ఆ సాయంత్రం నుంచి ప్రతి పాల వేళకీ ట్రేలో ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు రావడం మొదలైంది. అడుగున నీళ్ళలాంటిదేదో కాస్త ఉంటుంది. పెద్ద సిస్టరు దాన్ని మంచం పక్కన పెట్టి, చటుక్కున వెనక్కి జరిగి, "పాలలో కలిపి పట్టు" అంది.

"ఏంటండీ ఇది?"

"మందు."

"దేనికండీ?"

"దేనికేంటి? డాక్టరుగారు రాశారు, నువ్వు పట్టు. కూర్చుని విడమరిచి చెప్పేంత తీరిక మాకెక్కడిది?" అని పక్క మంచానికి వెళ్ళిపోయింది. పక్క మంచం కవలల తల్లిది. అక్కడ మాత్రం ఆవిడకి కావలసినంత తీరిక దొరికింది. పిల్లలిద్దరిలో ఎవరిది తండ్రి పోలికో కూడా తేల్చి గానీ కదల్లేదు.

గోదాములో ఒక అలవాటుంది, కొత్తగా చూసేవాళ్ళకి డోకొస్తుంది. తోలుకి ఉప్పు సరిగ్గా పట్టిందో లేదో తెలియాలంటే బొటనవేలితో గట్టిగా నొక్కి, ఆ వేలు నాలుక కొసకి తగిలించి, ఉమ్మేస్తారు. మేస్త్రి నేర్పిన పని అది. మొదట్లో కోడలు పొద్దున తిన్నదంతా కక్కుకుంది. పోను పోను, తడి తగిలితే చాలు, వేలు దానంతటదే నోటికి పోయేది. ఒకసారి ఇంట్లో వంటబల్ల మీద అలా చేస్తే అత్తగారు చూసి ఆ పూటకి భోజనం మానేసింది.

కప్పు చేతికి రాగానే బొటనవేలు అందులో మునిగింది. నాలుకకి తగిలింది.

ఉప్పు.

చేదు లేదు, తీపి లేదు, మందు వాసన అసలే లేదు. ఉత్త ఉప్పు నీళ్ళు. ఉప్పు తేడా చేసిందని వాళ్ళే అన్నారు, మళ్ళీ వాళ్ళే ఉప్పు పొయ్యమంటున్నారు! పొరపాటున వేరే కప్పు వచ్చిందా? లేక తోళ్ళామె పిల్లేగా, ఏది పోస్తే ఏముందిలే అనుకున్నారా? అడుగుదామని తల తిప్పింది. రెండు గుడ్డల పైనుంచి పెద్ద సిస్టరు చూసిన చూపుకి నోరు పెగల్లేదు. తోళ్ళ గుట్ట కళ్ళ ముందు మెదిలింది. ఒక్కో తోలుకీ ఒక్కో పార. వాటి పక్కనే తన పిల్ల తొడ.

లేచి, చేతులు కడుక్కునే సింకు దగ్గరికి వెళ్ళి కప్పు వంచేసింది. కొళాయి తిప్పి కడిగింది. తుడిచి తెచ్చి ట్రేలో బోర్లించింది. పాలు మాత్రం ఒక్క చుక్క ఒలక్కుండా పట్టింది. 'నిన్ను ఊరబెట్టనివ్వనే' అనుకుంది, పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించి.

ఆ పూట నుంచి అదే వరస. కప్పు వస్తుంది, సింకులోకి పోతుంది. ఈ ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు కూర్చోమంటే కూర్చోవడం, పిండమంటే పిండడమే గానీ, తనంతట తాను పిల్ల కోసం చేసిన పని అదొక్కటే. సింకు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు తలెత్తుకుని నడిచేది పిచ్చితల్లి.

అత్తగారు అన్నమాట నిలబెట్టుకుంది. ఉప్పు లేని జావ గోడకి పూసే సున్నంలా ఉండేది. అంగిట్లో జిగటగా అతుక్కుని మింగుడు పడేది కాదు. "పిల్ల కోసం ఆ మాత్రం తినలేవా?" అంటూ ఆవిడ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. కోడలు కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి మింగేసేది.

*

పాప వాడిపోయింది. ఏడుపు సన్నబడి మూలుగైంది. పాలు దిగుతున్నంతసేపూ గుడ్డముక్కలా పడి ఉంటోంది. అరికాలు గోకితే కాలు లాక్కోవడం లేదు. పొద్దున తక్కెట్లో పెడితే బరువు పెరక్కపోగా ఇంకా తగ్గింది. మళ్ళీ రక్తం తీశారు. ఆ చిట్టి మడమని పిండుతూంటే కోడలు మొహం గోడకి తిప్పుకుంది. ఇంకా ఎంత ఉప్పు ఎక్కించి పంపాను తల్లీ నీకు, అని తనని తానే తిట్టుకుంది.

మధ్యాహ్నం పాలు పిండే గది నిండుగా ఉన్నప్పుడు పెద్ద సిస్టరు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, అందరికీ వినపడేలా అడిగింది.

"పాలల్లో ఎన్ని నీళ్ళు కలుపుతున్నావు?"

ఎవరిని అడుగుతోందో తెలియక తల్లులంతా తలలెత్తారు.

"నిన్నే, తోళ్ళామె! ఎన్ని నీళ్ళు?"

"నీళ్ళా? నేనెందుకు కలుపుతానండీ?"

"కప్పు నిండినట్టు కనపడాలిగా మరి. పక్కావిడ కప్పు చూసి ఓర్వలేక. నీలాంటివాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు! ఇదివరకు ఒకతె ఇదే పని చేస్తే వార్డులోంచి పంపించేశాం. ఇంటికి పంపేదాకా పిల్లని బయట నిలబడి కిటికీ అద్దంలోంచి చూసుకుంది."

"నా బిడ్డ మీద ఒట్టండీ, ఒక్క చుక్క కూడా..."

"ఒట్లు నా దగ్గర పెట్టకు. రక్తం అబద్ధమాడదు. పిల్ల ఒంట్లో ఉప్పు పడిపోతోంది. మందిస్తుంటే కూడా ఇంకా ఇంకా పడిపోతోంది. నువ్వు నీళ్ళు పొయ్యకుండా ఊరికే పడిపోతుందా?"

కోడలు పిండడం ఆపేసింది. పడిపోతోందా? ఎక్కడం కాదా? ఆ మాట ఇన్నాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అనలేదే!

"ఏం, నోరు పడిపోయిందా? పిండు. నా కళ్ళెదురుగా పిండు" అని, పెద్ద సిస్టరు వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళకి ఆ కుర్చీకి మనిషి దొరికింది. మోకాళ్ళు అవతలికి తిప్పుకుని, మెడ మాత్రం ఇటు సాచి, కన్ను ఆర్పకుండా చూస్తోంది. గదిలో ఒక్కరూ పని చేసుకోవడం లేదు. ఒకామె పిల్లని భుజం మీద వేసుకుని తొంగి చూడడానికి ముందుకి కూడా వచ్చింది. కవలల తల్లి, "పాపం, లేనప్పుడు అడగొచ్చుగా, నేనిచ్చేదాన్నిగా" అంది. అందులో జాలి ఎంతుందో అన్న మనిషికే తెలియాలి.

భయానికి పాలు రాలేదు. "చూశారా, అసలు లేనేలేవు" అంది పెద్ద సిస్టరు గది మొత్తానికి. కోడలు పళ్ళు బిగించి నొక్కుతూ పోయింది. ఎప్పటికో ఒక చుక్క, ఆ తర్వాత ఇంకోటి, చివరికి సన్నటి ధార. కప్పు అడుగు నిండగానే పెద్ద సిస్టరు లాక్కుని, చచ్చిన ఎలకని తోక పట్టుకుని మోసినట్టు చెయ్యి బారచాపి పట్టుకుపోయింది.

అవమానం సంగతి అలా ఉంచండి. కోడలి గుండెల్లో అంతకన్నా పెద్ద రాయి పడింది. నీళ్ళు కలిపిందన్నది పచ్చి అబద్ధం. కానీ పిల్ల ఇలా అయిపోవడానికి కారణం మాత్రం తనే. ఉప్పు లేక వాడిపోతున్న పిల్లకి ఉప్పు పంపితే పూటపూటా సింకులో పోసింది. చెబితే వార్డులోంచి గెంటుతారు, ఇక అద్దమే గతి. చెప్పకపోతే? లేచి సింకు దగ్గరికి వెళ్ళింది. తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది దరిద్రపుది, పిల్ల తిండంతా మింగి. దాన్ని చూస్తూంటే తన మీద తనకే రోత పుట్టి, పొద్దున తిన్న ఉప్పులేని జావంతా అందులోనే కక్కుకుంది.

*

పొద్దు వాలే వేళకి డాక్టరమ్మ వచ్చింది. వెనకాల పెద్ద సిస్టరు. కోడలు పిల్లని గుండెలకి కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఆమె తలకి పైనుంచి మాట్లాడుకున్నారు, మంచం మీద పిల్ల ఒక్కతే పడి ఉన్నట్టు.

"పాలు చూశాం. బాగానే ఉన్నాయి, నీళ్ళేం లేవు" అంది డాక్టరమ్మ.

"నేను పక్కన కూర్చుంటే ఎలా కలుపుతుందండీ?"

"సరే. ఇంత మందు పడుతున్నా పడిపోతోందంటే చాలా ఎక్కువ పోతోందన్నమాట. మోతాదు రెట్టింపు చేద్దాం. నరంలోకి కూడా ఎక్కిద్దాం. చేతుల్లో నరం దొరక్కపోతే తలలో చూడండి."

"జుట్టు గీసెయ్యనా?"

"గీసెయ్యండి."

"వద్దండీ" అంది కోడలు.

ఇద్దరూ కిందికి చూశారు.

"పెంచొద్దండీ. ఆ మందు... ఆ మందు నా పిల్లకి ఒక్క పూట కూడా పట్టలేదు. సింకులో పోశాను."

ముందు తేరుకున్నది పెద్ద సిస్టరే. "చూశారా! నేను చెప్పలా? మొదట్నుంచీ నాకు అనుమానమే" అంది. నీళ్ళ నింద మీంచి మందు నేరం మీదికి ఆవిడ ఎంత సులువుగా దూకేసిందో చూస్తే కోడలికి కోపం రాలేదు, వెగటు పుట్టింది.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఎందుకు పోశావు? చంపుకుందామనా?"

"నాలుక మీద వేసుకు చూశానండీ. ఉప్పు. మేం తోళ్ళకి పట్టించేదే. ఉప్పు తేడా చేసిందన్నారు. ఎక్కువైందనుకున్నా. నా చేతుల్లోంచి ఎక్కిందనుకున్నా. ఎండిపోతోంది కదండీ పిల్ల, ఉప్పుకే ఎండుతోందనుకున్నా."

"తక్కువైందని నీకెవరూ చెప్పలేదా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ పెద్ద సిస్టరు కేసి తిరిగింది.

"మీరే వాళ్ళాయనకి చెప్పారు కదండీ" అంది పెద్ద సిస్టరు, గోడ కేసి చూస్తూ. "అయినా ఇలాంటివాళ్ళకి చెప్తే మాత్రం బుర్రకెక్కుతుందా?"

"చెప్పాను. గుమ్మంలో" అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. తర్వాత కాలితో స్టూలు దగ్గరికి లాక్కుని, మోకాలు మంచానికి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ముందు ఇది విను. నువ్విప్పుడు చెప్పకపోతే, పాత మందు చాలట్లేదనుకుని చాలా ఎక్కువ పోసేదాన్ని. ఉప్పు ఒక్కసారిగా పెరిగితే మెదడు దెబ్బతింటుంది. చెప్పి మంచిపని చేశావు. సింకులో పొయ్యడం మాత్రం చాలా తప్పు."

"అవునండీ."

"కడుపులో ఉన్నన్నాళ్ళూ పిల్లకి ఉప్పు దాచుకునే పని లేదు, నీ ఒంట్లోంచి అందుతూనే ఉంటుంది. దాచుకోవడమెలాగో దాని మూత్రపిండాలు నేర్చుకునేది చివరి నెలల్లో. మీ పాప నేర్చుకోకముందే వచ్చేసింది. అందుకని ఉన్న ఉప్పంతా ఉచ్చతో పోగొట్టుకుంటోంది. నీ పాలల్లో ఉండేది దానికి చాలదు. ఉప్పు లేకపోతే ఒంట్లో నీరు నిలవదు, కండ పట్టదు. మరీ పడిపోతే ఫిట్స్ వస్తాయి. అందుకే బయట్నుంచి మనం పోస్తూండాలి."

"ఎన్నాళ్ళండీ? ఎప్పటికీనా?"

"ఎప్పటికీ ఎందుకు? నెలలు నిండేకొద్దీ అవే నేర్చుకుంటాయి. అప్పుడు మందు ఆపేస్తాం."

కోడలికి గోదాములో కొత్తగా చేరే పనివాళ్ళు గుర్తొచ్చారు. "మా దగ్గరా అంతేనండీ. కొత్తవాళ్ళు నేల కడిగేటప్పుడు నీళ్ళతోపాటు ఉప్పు కూడా కాలవలోకి తోసేస్తారు. పక్కకి తీసి కుప్ప చేసుకోవాలని తెలీదు" అంది. డాక్టరమ్మ "అంతే, అదే" అంది.

"మరి నా చేతులండీ?"

"నీ చేతులకీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"నేను కూడా ఉప్పు మానేశాను..."

"ఎవరు మానమన్నారు? నువ్వు తిన్నా మానినా పాలల్లో ఉప్పు మారదు. అందరిలాగే తిను."

కోడలు తలూపింది గానీ, రోజుల తరబడి నమ్మిన భయం ఒక్క మాటతో వదులుతుందా? అప్పుడే పొట్ట మీద వెచ్చగా తగిలింది. పిల్ల గుడ్డ తడిపింది. కోడలు కట్టు వదులు చేసి, కింద చెయ్యి పెట్టి, తడిసిన గుడ్డని బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు పైకి తెచ్చి నాలుకకి తగిలించుకుంది.

"ఛీ ఛీ ఛీ!" పెద్ద సిస్టరు అడుగు వెనక్కి వేసి ట్రేకి గుద్దుకుంది. పక్క మంచం మీద కవలల తల్లి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

ఉప్పగా ఉంది. ఆవగింజంత అనుమానం లేకుండా ఉప్పగా ఉంది. దాచుకోవడం చేతకాక పిల్ల పారేసుకుంటున్న ఉప్పు అది. గోదాములో అయితే ఉమ్మెయ్యాలి. కోడలు ఉమ్మలేదు, మింగేసింది.

"ఏం మనిషివే నువ్వు! అసహ్యం లేదూ?" అంది పెద్ద సిస్టరు.

"దీనికా? దీనికి లేదండీ" అంది కోడలు, ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ. ఆవిడే ముందు చూపు తిప్పుకుంది.

డాక్టరమ్మ లేచింది. "మందు పాత మోతాదే. సూది వద్దు. రేపు రక్తం చూద్దాం."

"మరి మందు ఎవరు పట్టాలండీ? మళ్ళీ ఈవిడ చేతికేనా?"

"ఈవిడ చేతికే" అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

*

అద్దం గతి తప్పింది గానీ, పెద్ద సిస్టరు ఊరికే వదిలేస్తుందా? ప్రతి పాల వేళకీ మంచం కాళ్ళవైపు నిలబడి, మందు పాలలో కలిసేదాకా, పాలు గొట్టంలో దిగేదాకా చూసి, "కప్పు తిప్పి చూపించు" అనేది. కోడలు కప్పు బోర్లా తిప్పి చూపించేది. దొంగ చేతులు దులిపి చూపించినట్టు.

మొదటిరోజు ఏ తేడా లేదు. రెండోరోజు అరికాలు గోకితే పిల్ల కాలు లాక్కుంది. ఇంకోసారి గోకింది, ఇంకోసారి లాక్కుంది. కోడలు పక్కకి తిరిగి ఏడ్చేసింది. రక్తం కుదురుకుంటోందని డాక్టరమ్మే స్వయంగా మంచం దగ్గరికి వచ్చి చెప్పింది. తక్కెట్లో బరువు కాస్త పెరిగింది. ఆ పొద్దున పిల్ల ఏడ్చిన ఏడుపుకి కవలలిద్దరూ లేచారు.

పెద్ద సిస్టరు నోట ఈ కథ అప్పుడే వేరేలా తయారైంది. కొత్తగా చేరిన తల్లికి చెబుతూంటే పాలు పిండే గదిలో కోడలి చెవిన పడింది. "అందరి ముందూ నేను గట్టిగా నిలదీస్తేనే బయటపడింది. లేకపోతే పిల్ల చేతికి దక్కేదా?" చుట్టూ ఉన్నవాళ్ళు "అంతేగా మరి" అని తలలూపారు. వాళ్ళంతా ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళే. ఆ కుర్చీ మళ్ళీ ఖాళీగా ఉంది. ఉండనీ, వీళ్ళు పక్కన కూర్చోకపోతేనే గాలాడుతుంది అనుకుంది కోడలు, మనస్ఫూర్తిగా.

అత్తగారు ఒకరోజంతా రాలేదు. జరిగిందంతా కొడుకు చెప్పాడట. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీతో వచ్చి, ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుంది. రుమాలు ముక్కు మీద పెట్టుకోలేదు, ఒళ్ళో పెట్టుకుని మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతలు పెట్టింది.

"వాళ్ళ నోళ్ళు పడిపోయాయా, తక్కువైందని ముందే చెప్పి చావడానికి?" అంది.

కోడలు పిల్ల మీది గుడ్డ సర్దుకుంది.

"ఇస్త్రీకిచ్చే బట్టకైనా ఏ మరక ఎక్కడుందో చెప్పి ఇస్తారు. మనుషులా వీళ్ళు? తిను, చల్లారిపోతుంది."

కోడలు మూత తీసి, చెంచాతో జావ నోట్లో పెట్టుకుంది. పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాలుక వెనక్కి పోయింది. ఉప్పు కాదు, ఉప్పు గుట్ట. తగ్గిన రోజులన్నిటి ఉప్పూ ఒక్క గిన్నెలో కుమ్మరించినట్టుంది. గోదాములో తోలుకి కూడా ఇంత పట్టదు.

అత్తగారు కోడలి మొహం చూసింది. "ఏం? సరిపోలేదా?"

"సరిపోయింది అత్తయ్యా."

ఆవిడ నమ్మలేదు. క్యారేజీ మూతకి అంటిన జావని బొటనవేలితో నొక్కి, ఆ వేలు నాలుక కొసకి తగిలించుకుంది. చేశాక గానీ తను ఏం చేసిందో ఆవిడకి తెలియలేదు. బొటనవేలి వంక చూసుకుంది.

"ఛీ, ఇదేం జావ! గొడ్డు కూడా ముట్టదు. ఇటియ్యి, పారబోసి వస్తా" అని గిన్నె మీద చెయ్యి వేసింది. తిన్నా మానినా పిల్లకి ఒరిగేదేమీ లేదని డాక్టరమ్మ చెప్పిన సంగతి కోడలికి బాగానే గుర్తుంది. గిన్నె మాత్రం వదల్లేదు.

"ఉండనీ అత్తయ్యా, నా కోసం వేసిన ఉప్పేగా" అంది. గుటక గుటకకీ మంచినీళ్ళు తాగుతూ, అడుగు కనపడేదాకా తినేసింది.